అందరూ గొప్పదన్న సినిమా, మీకు మాత్రం "అంత లేదు" అనిపించింది ఏది?

కపిలతీర్థం వాన (తిరుపతి), శనివారం రాత్రి 9:40

చెత్త సినిమాల గురించి అడగడం లేదు. అవార్డులొచ్చి, పత్రికలు పొగిడి, టీవీలో వచ్చిన ప్రతిసారీ ఇంట్లో పెద్దవాళ్ళు చానల్ మార్చనివ్వని సినిమాల గురించి అడుగుతున్నా. వాటిలో ఏది చూసినప్పుడు మీకు "దీన్ని ఇంత మోయాల్సిన పన్లేదు" అనిపించింది? హీరో నచ్చలేదని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. సినిమాలో ఏ చోట అలా అనిపించిందో రాయండి.

ముందు నాది చెప్తా. తిరుపతిలో పుట్టినోడు ఈ మాట అనకూడదేమో, అయినా అంటున్నా. అన్నమయ్య, 1997.

పాటల జోలికి నేను పోను. కీరవాణికి జాతీయ అవార్డు వచ్చింది, రావాల్సిందే. నాగార్జునకి స్పెషల్ మెన్షన్ ఇచ్చారు, చివరి అరగంట చూస్తే అదీ న్యాయమే. నా బాధ వేరే. మా పాప ఎనిమిదో తరగతి. తెలుగులో తొలి కవయిత్రి అన్నమయ్య భార్య తాళ్ళపాక తిమ్మక్క అని, సుభద్రా కల్యాణం రాసిందని బళ్ళో చెప్పారట. పోయిన ఆదివారం టీవీలో సినిమా వస్తుంటే నా పక్కన చేరి "వీళ్ళలో తిమ్మక్క ఎవరు నాన్నా?" అనింది. రమ్యకృష్ణను చూపించా. "ఎప్పుడు రాస్తుంది?" అనింది. వస్తుందిలే చూడు అన్నా. ఒక పాట వచ్చింది, ఇంకో పాట వచ్చింది, మరదళ్ళిద్దరూ బావ చుట్టూ తిరిగారు, పెళ్ళయింది. పాప అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని కాచుకునే ఉంది. సినిమా అయిపోయింది. తిమ్మక్క చేతిలో గంటం ఒక్కసారి కూడా నాకు కనపడలేదు.

ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇన్నేళ్ళలో నాకు ఆ ప్రశ్నే రాలేదు. అది ఇంకా బాధగా ఉంది.

వి.వి. మహల్ రోడ్డు (తిరుపతి), 9:58

అన్నా, నాది బాహుబలి మొదటి భాగం. రాజమౌళి అంటే నాకు ప్రాణం, అది ముందే చెప్పేస్తున్నా. కానీ 2015 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు దీనికిచ్చారు. ఒక తెలుగు సినిమాకి ఆ అవార్డు రావడం అదే మొదలు. అన్ని దశాబ్దాల తర్వాత వచ్చింది సగం కథకి వచ్చింది. సినిమా చూసినప్పుడు నేను అయిదో తరగతి. కట్టప్ప ఎందుకు చంపాడో తెలిసేసరికి 2017 ఏప్రిల్ 28, నేను ఆరు పాసై ఏడులోకి వెళ్తున్నా.

జలపాతం ఎక్కే చోట, యుద్ధం దగ్గర ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అవంతిక సంగతి చూడండి. కత్తి పట్టి తిరిగే పిల్ల. హీరో శివుడు ఎదురుపడి, పోట్లాట మధ్యలోనే ఆమె వేషం, జుట్టు మార్చేసి "నువ్వు ఆడపిల్లవి" అన్నట్టు చూపిస్తాడు. అక్కడితో ఆ అమ్మాయి పని అయిపోయింది. రెండో భాగంలో ఆమెను వెతుక్కోవాల్సిందే.

మామిడితాండ్ర (పుత్తూరు), 10:05

ఆస్కార్ తెచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ ఎవరికీ ఓవర్‌రేటెడ్ అనిపించలేదా?

వి.వి. మహల్ రోడ్డు, 10:09

ఆస్కార్ సినిమాకి రాలేదక్కా, పాటకి వచ్చింది. 2023లో కీరవాణి, చంద్రబోస్ తీసుకున్నారు. ఆ ఏడాది మన దేశం తరఫున అధికారికంగా పంపింది గుజరాతీ సినిమా. ఆర్‌ఆర్‌ఆర్‌ని నేను నాలుగుసార్లు చూశా, అయిదోసారి కూడా చూస్తా. అది ఏం చేస్తానని చెప్పిందో అది చేసింది.

పాత ఆపరేటర్ (చిత్తూరు), 10:31

పిల్లలందరికీ ఆశీస్సులు. నేను చిత్తూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ముప్పై ఏళ్ళు సినిమాలు ఆడించాను. ఆపరేటర్ గదిలో చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి తెర కంటే జనం ఎక్కువ కనపడతారు. నాకు అవార్డుల లెక్క తెలియదు. ఏ రీలుకి ఎంతమంది సోడా కోసం లేస్తారో అది తెలుసు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండు రీళ్ళు దాటేసరికి సినిమా నాడి దొరికేది.

శంకరాభరణం నేను సహాయకుడిగా ఉన్నప్పుడు ఆడింది, 1980. మొదటి నాలుగు రోజులు నేల టికెట్టులో పడుకుని చూడొచ్చు, అంత ఖాళీ. అయిదో రోజు నుంచి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. తర్వాత పల్లెల నుంచి ఎద్దుల బండ్లు కట్టుకుని వచ్చారు. సంగీతం సినిమా కదా, పాట రాగానే లేచి పోతారని మా ఓనరు అనుకున్నాడు. ఒక్కడు లేవలేదు. అది ఎప్పటికీ ఎక్కువ మోసిన సినిమా కాదు.

మీరు అడిగిన దానికి నా జవాబు ఒకటుంది, దాన్ని నేనే వెనక్కి తీసుకున్నాను. గీతాంజలి, 1989. మా దగ్గరికి వచ్చేసరికి ప్రింటు ఊళ్ళు తిరిగి తిరిగి గీతలు పడిపోయింది. దానికి తోడు మేం కార్బన్ కడ్డీల మీద ఆడించేవాళ్ళం. రెండు కడ్డీల మధ్య నిప్పు వెలుగుతుంది, అదే తెర మీద పడే వెలుతురు. కడ్డీ త్వరగా అరిగిపోకూడదని కరెంటు తగ్గించమనేవాడు ఆ ఓనరు. తగ్గిస్తే వెలుతురు పసుపు రంగులోకి దిగిపోతుంది. కెమెరామన్ పి.సి. శ్రీరామ్ ఆ సినిమాని చీకట్లో, మంచులో, కిటికీలోంచి వచ్చే వెలుతురులో తీశాడు. మా తెర మీద మనుషుల ముఖాలే కనపడలేదు. జనం ఈలలేశారు, "లైటెయ్యి సామీ" అని అరిచారు. ఇంత పేరు ఎందుకొచ్చిందో ఈ సినిమాకి అనుకున్నాను. పదేళ్ళకి మా కోడలింట్లో టీవీలో చూశాను. మంచు పొగలో ఆ పిల్ల పరిగెత్తే చోట నాకు చెయ్యి వణికింది. ఆ సినిమాని చూపించాల్సిన వెలుతురుతో నేను చూపించలేదు. ఆ రెండు వారాలు టికెట్టు కొన్న ప్రతి మనిషికీ నేను బాకీ ఉన్నట్టే.

అందుకని ఒకటి అడుగుతాను. ఫలానాది గొప్ప కాదని రాసేవాళ్ళు దాన్ని ఎక్కడ చూశారో, ఎట్లా చూశారో కూడా రాయండి.

నీవా నది (చిత్తూరు), 10:50

పెద్దాయనా, ఆ కడ్డీల సంగతి చదువుతుంటే కళ్ళ ముందు కనపడింది. మీరడిగినట్టే ఎక్కడ చూశానో చెప్తాను. చిన్నప్పుడు మా అవ్వ ఒళ్ళో పడుకుని, దూరదర్శన్‌లో. స్వాతిముత్యం, 1986.

హైస్కూల్లో తెలుగు చెప్తాను. విశ్వనాథ్ గారి సినిమాల మీద నాకు గౌరవం తప్ప ఇంకోటి లేదు. కమల్ హాసన్ శివయ్యగా చేసింది చూసి ఇప్పటికీ ఏడుస్తాను. మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపారు ఆ సినిమాని. కానీ మొన్న మా పదో తరగతి ఆడపిల్లలతో కూర్చుని చూశాను. రాములవారి కల్యాణంలో శివయ్య తాళి తీసుకెళ్ళి లలిత మెడలో కట్టేస్తాడు. మంచి మనసుతోనే కడతాడు. కానీ ఆమెను ఎవరూ అడగలేదు. ఒక పిల్ల లేచి "టీచర్, ఆమె వద్దంటే?" అనింది. క్లాసంతా నిశ్శబ్దం. వితంతువుకి మళ్ళీ పెళ్ళి అని అందరం చప్పట్లు కొట్టాం. ఆ పెళ్ళి ఆమెకి చెప్పకుండా జరిగిందని మా తరంలో ఎవరికీ తట్టలేదు.

సినిమా చెడ్డదని కాదు నా మాట. సంస్కరణ సినిమా అని దాన్ని పాఠంలా చెప్పుకోవడం దగ్గరే నాకు అడ్డం పడుతోంది.

కపిలతీర్థం గారూ, మీ పాపకి నా ముద్దు. తిమ్మక్క గురించి రేపు వివరంగా రాస్తాను.

భాకరాపేట ఘాట్, 11:12

పుష్ప. 2021లో వచ్చిన మొదటి భాగం. తిరుపతిలో మొదటి రోజు రెండో ఆట చూశాను, హాలు దద్దరిల్లింది.

జాతీయ ఉత్తమ నటుడు అవార్డు ఒక తెలుగు హీరోకి మొదటిసారి వచ్చింది ఈ సినిమాకే. అల్లు అర్జున్‌ని నేనేమీ అనను. ఒక భుజం ఎత్తిపెట్టి మూడు గంటలు ఆ నడక నడవడం తేలిక కాదు. నా గొడవ అడవితో.

మా ఇల్లు కొండ మొదట్లో. మా నాయన మేకలు తోలేవాడు, సెలవుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. సినిమాలో శేషాచలం అని చూపించిన అడవి చాలా వరకు మారేడుమిల్లిది. గోదావరి అవతల, వానలు బాగా పడే చోటు. తెర మీద ఎటు చూసినా పచ్చదనం, పొగమంచు, వాగులు. మా అడవి అట్లా ఉండదు. ఎండాకాలం ఆకు రాలిపోయి కొండ ఎముకలు కనపడతాయి. రాళ్ళు, ముళ్ళకంప, కాలు పెడితే జారే గులకరాయి. ఎర్రచందనానికి అట్లాంటి బీదనేలే కావాలి. బెరడు మొసలి తోలు మాదిరి పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. రెమ్మకి మూడేసి ఆకులు. మనిషి ఒక జీవితం కాచుకుంటే గానీ చెట్టులో మంచి చేవ ఎక్కదు. గొడ్డలి దెబ్బ పడిన చోట ఎర్రటి జిగురు కారి గడ్డకడుతుంది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే మా నాయన చేతి మీద కొట్టేవాడు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు ఈ చెట్టు, మన కొండల్లోనే. మూడు గంటల సినిమాలో దాన్ని చెట్టుగా ఎంతసేపు చూశాం? దుంగగా, దుడ్లుగా చూశాం.

ఇంకో సంగతి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు కొండ ఊళ్ళ నుంచి కూలికి వచ్చిన వాళ్ళు. ఆ రోజు మా ఊరి టీ అంగట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు. ఆరేళ్ళకి అదే అడవి మీద సినిమా వచ్చింది. చెట్లు నరికే కూలీలు అందులో గుంపుగా ఉన్నారు, హీరో ఎక్కడానికి మెట్లుగా ఉన్నారు. వాళ్ళలో ఒక్కడి పేరు కూడా నాకు గుర్తు లేదు. థియేటర్లో ఈల వేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటికి పోతూ ఘాట్ రోడ్డు మీద చెక్‌పోస్టు దగ్గర బండి ఆపినప్పుడు కడుపులో తిప్పినట్టయింది.

వి.వి. మహల్ రోడ్డు, 11:20

అన్నా, పుష్ప కూడా కూలీగానే మొదలవుతాడు కదా. కమర్షియల్ సినిమాలో అంతకంటే ఏం అడుగుతాం? దేవిశ్రీ పాటలకి కూడా జాతీయ అవార్డు వచ్చింది. ఉత్తరాది వాళ్ళు మన కొండ పేరు పలుకుతున్నారంటే ఈ సినిమా వల్లే.

భాకరాపేట ఘాట్, 11:26

కూలీగా మొదలై పది నిమిషాల్లో కూలీల మీదికి పోతాడు తమ్ముడూ. సరదా సినిమాగా నాకేం ఇబ్బంది లేదు. మన ప్రాంతపు బతుకుని చూపించిన సినిమా అన్నారు చూడు, ఆ పొగడ్తని నేను ఒప్పుకోను.

కుప్పం సరిహద్దు, ఆదివారం ఉదయం 6:45

రాత్రి చదివి పడుకున్నా, నిద్ర పట్టలేదు. యాస గురించి నాలుగు మాటలు.

పుష్ప వచ్చాక "చిత్తూరు యాస" అని ఒకటే ముద్ద చేసి మాట్లాడుతున్నారు. మన పాత జిల్లాలో ఒక యాస లేదు. సత్యవేడు, నగరి వైపు మాటలో అరవం కలుస్తుంది. మా కుప్పం, వి.కోట, పలమనేరులో కన్నడం కలుస్తుంది. మదనపల్లె, పీలేరు వైపు పోతే కడప గాలి తగులుతుంది. తిరుపతిలో అన్ని ఊళ్ళ వాళ్ళూ ఉన్నారు కాబట్టి అన్నీ వినపడతాయి. మేం డబ్బుని దుడ్లు అంటాం, షాపుని అంగడి అంటాం, వేరుశనగల్ని చెనిక్కాయలు అంటాం. తాతని అబ్బ అంటాం. యాడికి పోతాండావు, ఆడ ఏముండాది, ఈ తావకి రా. ఇవన్నీ వినపడితే నాకు ప్రాణం లేచొస్తుంది.

సినిమాలో హీరో ఆ మాట పట్టుకోవడానికి బాగా కష్టపడ్డాడు. బెంగళూరులో ఆఫీసులో నా పక్కన కూర్చునే వరంగల్ అబ్బాయి నాతో మా మాటలోనే మాట్లాడాలని చూశాడు. కాలేజీ రోజుల్లో నా మాట విని నవ్విన వాళ్ళున్నారు. ఆ నవ్వు పోవడానికి ఈ సినిమా సాయం చేసింది. ఆ మేలు నేను మర్చిపోను. కానీ చుట్టూ ఉన్న పాత్రలు చూడండి. ఒకే సందులో ఉండేవాళ్ళు ఒకరు మన మాట, ఒకరు నెల్లూరు మాట, ఒకరు సినిమా తెలుగు మాట్లాడతారు. యాస హీరోకి వేసిన చొక్కాలా ఉంది, ఊరికి పట్టిన మట్టిలా లేదు.

2021లోనే వచ్చిన "సినిమా బండి" చూడండి. ఆటో నడిపే మనిషికి కెమెరా దొరుకుతుంది, కర్ణాటక సరిహద్దు పల్లెలో సినిమా తీస్తాడు. అందులో అందరూ మా ఇంటి మాటే మాట్లాడారు. దాని గురించి ఎంతమంది మాట్లాడారు?

తాతయ్యగుంట వీధి (తిరుపతి), 7:30

పుష్ప రెండో భాగం గురించి నేను చెప్పాలి. గంగమ్మ జాతర సన్నివేశం. దేశమంతా మెచ్చుకున్నది అదే.

మా ఇంట్లో మగపిల్లలకి చిన్నప్పుడు జబ్బు చేస్తే గంగమ్మకి మొక్కుకుంటారు, వేషం కట్టిస్తామని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మాయమ్మ తన పెళ్ళి చీర నాకు కట్టింది. పెద్దవాళ్ళ చీర కదా, నడుం దగ్గర మడతలు మడతలుగా దోపి పిన్నీసులు పెట్టింది. కాటుక పెట్టేటప్పుడు గడ్డం పట్టుకుని "కదలొద్దు నైనా" అనింది. వీధిలోకి వచ్చాక ఎవరూ నవ్వలేదు. పెద్ద మీసాలున్న మామయ్యలు పక్కనే చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, వేపాకు పట్టుకుని నడుస్తున్నారు. మేలో ఎండ, కాళ్ళు కాలుతున్నాయి. ఆ వారమంతా రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటికి తెల్లగా పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు.

వెనక కథ తెలిసిందే. ఆడవాళ్ళని చెరపట్టే పాలెగాడు భయపడి దాక్కుంటాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి గంగమ్మ రోజుకో వేషం కడుతుంది. దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడతాడు, తల తెగుతుంది. కథ అక్కడ ఆగదు. మర్నాడు మాతంగి వేషంలో పోయి, చచ్చిన పాలెగాడి పెళ్ళాన్ని అమ్మ ఓదారుస్తుంది. చంపిన చేత్తోనే ఓదార్చడం. మా అవ్వ ఈ ముక్క దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి చెప్పేది.

సినిమాలో చీర కట్టిన హీరో ఆట, పూనకం, తర్వాత రౌడీలని నరకడం. ఆట బ్రహ్మాండంగా ఉంది, మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ చీర కట్టుకున్న మగవాడు కోపం చూపించడానికి కట్టుకోలేదు మా వీధిలో. ఆ వారం రోజులు ఆడదాని ఒంట్లో ఉండి చూడమని అమ్మ పెట్టిన నియమం అది. నరికేది తీసుకున్నారు, ఓదార్చేది వదిలేశారు.

మామిడితాండ్ర, 7:52

మాది పుత్తూరైనా మా అత్తగారిది తిరుపతే. ఆ సన్నివేశం వస్తుంటే థియేటర్లో ఆవిడ సీట్లోంచి లేచి నిలబడి దండం పెట్టింది. పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించింది. ఆవిడకి అక్కడ అమ్మ కనపడింది. అది కూడా నిజమే కదా?

తాతయ్యగుంట వీధి, 7:58

నిజమే అక్కా. ఆమె దండం ముందు నా వాదన నిలబడదు. నేను సినిమా తీసిన వాళ్ళని అడుగుతున్నా, ఆమెను కాదు.

మామిడితాండ్ర, 8:10

సరే, నేనూ ఒకటి చెప్తా, తిట్టుకోకండి. మాయాబజార్. మూడు గంటల పైన. పాండవుల కథలో పాండవులు ఒక్కరూ కనపడరు. 2013లో ఒక జాతీయ చానల్ పోల్‌లో భారతీయ సినిమాలన్నింటిలో మొదటి స్థానం ఇచ్చారు. అంత అవసరమా? నాకు మొదటి గంట చాలా నిదానంగా అనిపిస్తుంది.

పాత ఆపరేటర్, 8:35

అమ్మా, ఎవరూ తిట్టుకోరు. కనపడితేనే ఉన్నట్టా? పాండవులు లేకుండా వాళ్ళ గురించిన దిగులుతోనే కథ నడిపించడం కె.వి. రెడ్డి చేసిన పని. మొదటి గంట నిదానం అన్నారు. ఆ గంటలోనే వెన్నెల్లో పడవ పాట ఉంది. కెమెరామన్ మార్కస్ బార్ట్లే ఆ వెన్నెలని పట్టపగలు తీశాడంటారు. ఎన్నిసార్లు ఆడించానో, ఆ రీలు దగ్గర నేను రివైండింగు పని ఆపేసి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. తర్వాత సావిత్రి. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారినప్పుడు ఆ నడక, ఆ చూపు, ఒక్కసారిగా మగవాడి బరువు కాళ్ళలోకి వస్తుంది. చిన్నపిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు, చూడగానే నవ్వేస్తారు. 1957లో తీసిన సినిమాకి మా మనవరాలు ఫోన్ పక్కన పెట్టేసింది.

నెంబర్ వన్ అన్న మాట నాకూ నచ్చదు. కానీ ఈ సినిమాని దించడానికి మీరు చూపించిన చోటు సరిపోదు.

మామిడితాండ్ర, 8:41

సార్, మళ్ళీ చూస్తా. ఈసారి సావిత్రి కాళ్ళు చూస్తా.

నీవా నది, 9:15

తిమ్మక్క సంగతి రాస్తానన్నాను. సుభద్రా కల్యాణం ద్విపదలో రాసింది, ఆడవాళ్ళు పాడుకునేందుకు వీలుగా. ఇప్పటికీ దొరుకుతుంది. అన్నమయ్య పెద్ద భార్య. ఆ ఇంట్లో కొడుకు కవి, మనవడు కవి. ముప్పై రెండు వేల సంకీర్తనలు అంటారు, రాగిరేకుల మీద మనకి మిగిలింది అందులో సగం కూడా కాదు. అట్లాంటి ఇంట్లో ఒక ఆడమనిషి పొయ్యి దగ్గరి పని ముగించుకుని ఎప్పుడు కూర్చుని రాసిందో ఊహించుకుంటేనే ఒక సినిమా అవుతుంది.

అయితే ఒక మాట సినిమా పక్షాన కూడా చెప్పాలి. మరదళ్ళతో ఆటపాటలు సినిమా వాళ్ళు కల్పించిన మసాలా అని చాలామంది అంటారు. అన్నమయ్య రాసిన వాటిలో శృంగార కీర్తనలే ఎక్కువ. "ఏలే ఏలే మరదలా" ఆయన రాసిందే. కాబట్టి శృంగారం ఉండటం తప్పు కాదు. ఆ ఇద్దరు స్త్రీలకి శృంగారం తప్ప ఇంకేమీ ఇవ్వకపోవడం తప్పు.

కుప్పం సరిహద్దు, 9:32

అన్నమయ్య పాటలు ఇంటింటికీ చేరింది ఈ సినిమాతోనే కదా అక్కా? ఆ ఒక్కదానికైనా ఎంత పొగిడినా తక్కువే.

నీవా నది, 9:44

మీ ఊరికి సినిమాతో చేరి ఉండొచ్చు తమ్ముడూ. కానీ 1997 కంటే ముందే దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు ఉంది. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు తిరుపతిలోనే ఉండి వందల కీర్తనలకి బాణీ కట్టారు. "వినరో భాగ్యము విష్ణుకథ" ఆయన బాణీలో మా అమ్మ ముగ్గు వేస్తూ పాడుకునేది. అంతకు ముందు రాగిరేకుల మీది అక్షరాలు చదివి అచ్చుకి తెచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి, స్వరపరచిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. సినిమా వేగంగా మోసుకెళ్ళింది, ఆ గౌరవం దానిదే. దారి వేసింది వీళ్ళు.

భాకరాపేట ఘాట్, 9:50

నా చెట్టుకీ, మీ తిమ్మక్కకీ ఒకటే జరిగింది అక్కా.

కపిలతీర్థం వాన, ఆదివారం రాత్రి 10:20

పొద్దున్నుంచి పని మీద తిరుగుతూ మధ్యమధ్యలో అందరివీ చదివాను. పెద్దాయన మాట నన్ను పట్టుకుంది, ఎట్లా చూశావు అని. నేను అన్నమయ్యని ఎప్పుడూ మా నాన్న పక్కన కూర్చుని చూశాను. ఆయన రిటైరయ్యేదాకా కొండ మీదికి బస్సు నడిపారు. రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగేవారో. ఆయన ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది. నా ఇష్టంలో సినిమా ఎంతో, ఆయన ఎంతో నాకు తెలియదు.

నీవా నది గారి పోస్టు మా పాపకి చదివి వినిపించాను. మళ్ళీ పెట్టమంది. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. ఈసారి లైట్లన్నీ ఆపేసి. రిమోట్ పాప తీసుకుంది. తిమ్మక్క ఉన్న ప్రతి సీనులో ఆపి, దగ్గరికి పోయి, వెనక అరల్లో తాళపత్రాలు ఏమైనా ఉన్నాయా అని చూసింది. నాన్న మొదట విసుక్కున్నారు. రెండు మూడుసార్లయ్యాక ఆయనే "ఆపు, ఆ మూల చూడు" అనడం మొదలుపెట్టారు.

"అంతర్యామి అలసితి" వచ్చినప్పుడు పాప ఆపలేదు. నాన్న ఎప్పటిలాగే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. పాట అయ్యాక "ఆమె రాసింది మనింట్లో ఉందా?" అని అడిగారు. లేదన్నాను. రేపు గోవిందరాజస్వామి గుడి దగ్గరి పుస్తకాల అంగళ్ళలో అడిగి రమ్మన్నారు. నీవా నది గారూ, ఏ ముద్రణ తీసుకోవాలో చెప్పగలరా?